గోనెసంచిలో కుర్చీ చెయ్యి

రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కినప్పటి నుంచి పెట్టెలో అందరి కళ్లూ నా గోనెసంచి మీదే. "క్రికెట్ బ్యాటా?" అని ఎదురు సీటు పెద్దాయన అడగనే అడిగాడు. బ్యాటు కాదు, మా తాత పడక్కుర్చీ ఎడమచెయ్యి. టేకుది. ఇల్లు మారుతున్నప్పుడు విరిగింది. మా వైపు వడ్రంగులు ఇద్దరు చూసి, ఫెవికాల్ పూసి రెండు మేకులు కొడితే సరి అన్నారు. నాకు మనసొప్పలేదు. విశాఖలో పాతకాలపు ఫర్నిచర్ అచ్చు దించినట్టు చేసే మేస్త్రి ఉన్నాడని తెలిసి బయల్దేరాను.

స్టేషన్ నుంచి ఆటోలో పాతనగరం. కురుపాం మార్కెట్ దాటాక సందులు సన్నబడ్డాయి. ఆటో అతను మధ్యలోనే దింపేశాడు. రెండుసార్లు దారి తప్పి, చివరికి లక్క కాలిన వాసన పట్టుకుని ఆ రేకుల షెడ్డుకి చేరాను.

మేస్త్రికి డెబ్బై ఏళ్లుంటాయి. పన్నెండో ఏట తండ్రి దగ్గర బాడిసె పట్టాడట. నా చేతిలోది తీసుకుని, విరిగినచోటు వదిలేసి, తిరగేసి అడుగు చూశాడు. "మేకు లేదు. పనోడే చేశాడు బాబూ." సముద్రపు గాలికి ఇనపమేకు తుప్పుపట్టి పక్కనున్న కర్రని కూడా తినేస్తుంది. అందుకే ఓ కర్ర చివర కుసి (సన్నగా చెక్కిన మొన), అది దూరడానికి రెండో కర్రలో బెజ్జం, అడ్డంగా ఓ చెక్క చీల. బల్ల పైపలకని మాత్రం గట్టిగా బిగించకూడదట. వానాకాలం ఉబ్బుతుంది, ఎండకి ముడుచుకుంటుంది, ఆ మాత్రం కదలడానికి చోటు వదలాలి. ఎవరికీ కనబడని ఈ లోపలి పనికే ఆయనకి సగం రోజులు పోతాయి.

నేను మాత్రం ఓ చిన్న పెట్టె దగ్గర ఆగిపోయాను. జిట్రేగి (రోజ్‌వుడ్) కర్ర మీద తెల్లటి పూలతీగ. 18వ శతాబ్దంలో ఈ ఊరు కుంపిణీ దొరల ఇళ్లకి ఇలాంటివే చేసి పంపేది. 1756లో ఇక్కడ కర్రలో దంతం పొదిగే పనిని మెచ్చుకుంటూ ఓ బ్రిటిష్ సైనికాధికారి రాశాడు కూడా. అప్పటివి కొన్ని ఇప్పుడు లండన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. మన ఊరి పెట్టె చూడ్డానికి మనకి వీసా కావాలన్నమాట.

ఆ రోజుల్లో ఏనుగుదంతం పొదిగి, దాని మీద సన్నగీతలు చెక్కి, గీతల్లో లక్క నింపేవారు. మన ఏనుగుల దంతం వ్యాపారం 1986లో, ఆఫ్రికా దంతానిది 1991లో నిషేధించారు. ఈయన వాడేది ఒంటె ఎముక. జిడ్డు పోయేదాకా ఉడకబెట్టి, ఆరబెట్టి, పలచగా కోస్తాడు. "దగ్గరికొచ్చి చూడండి, సన్న నల్లచుక్కలు లేవేటి? దంతానికి అవుండవు. అడ్డంగా కోస్తే వలలా గీతలుంటాయి." తన పనిలో తేడా తనే వేలుపెట్టి చూపించడం నాకు వింతగా అనిపించింది.

దాని వెనక కథ ఉంది. ఓ దుకాణం వాళ్లు చాలాకాలం ఆయన చేత కుర్చీలు చేయించుకున్నారు. టీ డికాషన్ పూయమన్నారు, గొలుసుతో కొట్టి గాట్లు పెట్టమన్నారు. చేశాడు. అదే కుర్చీని నూటయాభై ఏళ్లదని అమ్మినట్టు తర్వాత తెలిసింది. అప్పట్నుంచి చేసిన ప్రతి దాని అడుగునా సంవత్సరం ఉలితో చెక్కడం మొదలుపెట్టాడు. ఆర్డర్లు ఆగిపోయాయి. రెండేళ్లు అపార్ట్‌మెంట్లకి ప్లైవుడ్ బీరువాలు బిగించాడు. "పిల్లల ఫీజులు ఆగవు కదేటి," అని నవ్వేశాడు.

తాత కుర్చీ చెయ్యి చివర, అరచేయి ఆనేచోట, చిన్న గుంట ఉంది. కొత్తదానిలో అది కూడా తియ్యగలరా అని అడిగాను. "అది నాను చెయ్యను బాబూ, ఒగ్గేయండి," అన్నాడు వెంటనే. తర్వాత కళ్లద్దాలు పైకి తోసుకుని, గుంట పక్కనున్న నల్లమచ్చని వేలితో రుద్దాడు. "చుట్ట కాల్చేవారా? ఎడంచేత్తో?"

నేను పుట్టేనాటికే మా తాత పోయాడు. షెడ్డు బయటికొచ్చి నాన్నకి ఫోన్ చేశాను. అవతల కాసేపు మాట లేదు.

"అవున్రా, ఎడంచేత్తోనే. అమ్మ తిడుతూ ఉండేది. నీకెవరు చెప్పారు?"