ఆయిల్ నేనే మార్చాను, మళ్లీ మేస్త్రి దగ్గరికే వెళ్లాను

మాది పాత వ్యాగన్ఆర్. పోయినేడాది సర్వీసుకి విజయవాడలోనే ఒక పెద్ద వర్క్‌షాప్‌లో ఇచ్చాను. సాయంత్రానికి బిల్లు 8,460 రూపాయలైంది. ఇంజిన్ ఫ్లష్, థ్రాటిల్ బాడీ క్లీనింగ్, ఏసీ శానిటైజేషన్, వీటన్నిటికీ లేబర్, ఆ లేబర్ మీద 18 శాతం జీఎస్టీ. ఇవన్నీ ఎందుకని అడిగితే "ప్యాకేజీలో అంతే సార్" అన్నారు. కట్టేసి వచ్చాను.

మర్నాడు ఎందుకో అనుమానం వచ్చి బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీశాను. బిల్లులో కొత్త ఫిల్టర్ ఉంది. డబ్బాలో పాతదే ఉంది. మడతల నిండా దుమ్ము, మధ్యలో ఒక ఎండుటాకు. వెళ్లి చూపిస్తే పొరపాటైందని మార్చి ఇచ్చారు. కానీ ఆ డబ్బా తెరవకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు కదా! ఇన్నేళ్లుగా నా బండి గురించి ఎవరేం చెబితే అదే నమ్మాను. అది చాలా బాధ పెట్టింది. ఈసారి సర్వీసు మొత్తం నేనే చేసుకోవాలనుకున్నాను.

బండితో పాటు వచ్చిన మాన్యువల్ మొదటిసారి పూర్తిగా చదివాను. చిన్న పనులు నిజంగా చిన్నవే. ఎయిర్ ఫిల్టర్ ఐదు నిమిషాలు. వైపర్ బ్లేడ్లు అంతకన్నా తక్కువ. బ్యాటరీ టెర్మినళ్ల మీద పేరుకున్న తెల్లటి పొడిని వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగాను. ముందు నెగటివ్ వైరు తీయాలి, బిగించేటప్పుడు అది చివర. ఈ పనులకి ఎవరికీ డబ్బులివ్వక్కర్లేదు.

ఆయిల్ మార్చడం వేరే కథ. ముందు సామాను కావాలి. ఎత్తిన బండిని మోసే రెండు జాక్ స్టాండ్లు, ఆయిల్ ఫిల్టర్ విప్పే పానా, ఆయిల్ పట్టే ట్రే, అన్నీ కలిపి 3,600. స్టాండ్ల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు. స్టెప్నీ మార్చడానికిచ్చే జాకీ మీద బండి నిలబెట్టి కిందకి దూరకూడదు. జాకీ జారితే ప్రాణాలే పోతాయి.

అపార్ట్‌మెంట్ సెల్లార్లో మొదలుపెట్టాను. ఇంజిన్ కాసేపు తిప్పి ఆపి, గోరువెచ్చగా ఉండగా అడుగున ఆయిల్ దింపే డ్రెయిన్ బోల్టు విప్పితే నల్లటి ఆయిల్ ధారగా దిగింది. కొత్త వాషర్ వేసి బోల్టు బిగించాను. పాత ఫిల్టర్ తీసి, కొత్తదాని రబ్బరు రింగుకి కాస్త ఆయిల్ రాసి చేత్తో తిప్పాను. మాన్యువల్లో చెప్పినంత ఆయిల్ పోసి స్టార్ట్ చేశాను. పది సెకన్లలో నేలంతా ఆయిల్. వెంటనే ఆపేశాను. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఇంజిన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాని మీదే కొత్తది బిగించాను. ఒక రింగు మీద ఇంకో రింగు పడితే అది ఆయిల్ ప్రెషర్‌కి ఆగదు. పాత ఫిల్టర్ తీయగానే దాని రింగు దానితో వచ్చిందో లేదో చూసుంటే సరిపోయేది. గమనించకుండా రోడ్డెక్కుంటే దారిలోనే ఆయిలంతా కారిపోయి ఇంజిన్ పట్టేసేది.

మళ్లీ కొత్త ఆయిల్, సెల్లార్ నేల కడగడానికి రెండు గంటలు, వాచ్‌మన్‌కి క్షమాపణలు. పాత ఆయిల్‌ని మాత్రం కాలవలో పోయలేదు. మా వీధి మురుగు చివరికి చేరేది బందరు కాలవకే. డబ్బాలో పట్టి ఆటోనగర్లో ఒక మేస్త్రి గారికి ఇచ్చాను. వాళ్ల దగ్గర పాత ఆయిల్ కొనుక్కెళ్లేవాళ్లు ఉంటారు.

జరిగింది చెబితే ఆయన నవ్వలేదు. "ఆ రింగు మా కుర్రాళ్లకి కూడా ఒకసారి జరుగుద్దండీ" అన్నారు. ఆయిల్, ఫిల్టర్లు నేను తెచ్చుకుంటే మార్చడానికి ఎంతంటే 500 అన్నారు. లెక్క వేసుకున్నాను. నేను సామానుకి పెట్టిన 3,600 ఆయన కూలిలో రాబట్టుకోవాలంటే, ఏడాదికో సర్వీసు చొప్పున ఏడేళ్లు దాటుతుంది. వర్క్‌షాప్ బిల్లుతో పోల్చినప్పుడు కనిపించిన లాభం ఆయన రేటుతో పోలిస్తే లేనే లేదు.

ఇప్పుడు నా పద్ధతి ఇది. ఎయిర్ ఫిల్టర్, వైపర్లు, బ్యాటరీ, టైర్లలో గాలి నేను చూసుకుంటాను. ఆయిల్, ఫిల్టర్ మంచి షాపులో నేనే కొని మేస్త్రి గారి దగ్గరికి తీసుకెళ్తాను. బ్రేకుల జోలికి అసలు వెళ్లను. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. ఆ పైపుల్లో గాలి బుడగ మిగిలిపోతే పెడల్ కిందికి దిగిపోయినా బండి ఆగదు. అది అలవాటున్న చేతులే చేయాలి, వాళ్లు అడిగినంత ఇవ్వాలి. వారంటీలో ఉన్న బండైతే మాత్రం రికార్డు కోసం కంపెనీ సర్వీసే మంచిది.

మొన్న వెళ్లినప్పుడు ఆయన చక్రం విప్పి "సార్, ఇటు రండి" అని పిలిచి బ్రేక్ ప్యాడ్ మందం చూపించారు. "ఇంకో ఆరు నెలలు వస్తాయి, ఇప్పుడే మార్చక్కర్లేదు" అన్నారు. వంగి చూశాను. ఇంకా మందంగానే ఉంది. 500 ఇచ్చి, కుర్రాడి టీకి ఇంకో యాభై ఇచ్చి వచ్చాను.