రిహార్సల్ గదిలో దొరికిన తొలి అవకాశం

అమెరికాలో స్వరకల్పన చదువు ముగించిన విదేశీ విద్యార్థికి ఓపీటీ (చదివిన రంగంలో కొంతకాలం పనిచేయనిచ్చే ఏర్పాటు) కింద లభించే పని అనుమతి 12 నెలలు. ఇంజినీరింగు చదివినవారికి దొరికే 24 నెలల పొడిగింపు స్వరకల్పన డిగ్రీకి వర్తించదు. ఉపాధి లేని రోజులు మొత్తం 90 దాటకూడదు. ఇంత తక్కువ గడువులో ఏదో ఒక ఆర్కెస్ట్రా కొత్తవారి రచనను చేపడుతుందని ఎదురుచూడడం కంటే, పాడేవారి మధ్యకు వెళ్లి పనిచేయడమే మేలని నేను నమ్మాను. అందుకే ఒక గాయక బృందంలో రిహార్సల్ పియానిస్టుగా చేరాను.

సొప్రానో, ఆల్టో (స్త్రీల హెచ్చు, తగ్గు గొంతులు), టెనర్, బాస్ (పురుషుల హెచ్చు, తగ్గు గొంతులు) విభాగాలకు వారి వారి వరుసలను విడివిడిగా వాయించి వినిపించడం, నిర్దేశకురాలు ఆపిన చోటి నుంచి మళ్లీ అందుకోవడం ఆ ఉద్యోగంలో ప్రధానమైన పని. పేరు రాని పనే కానీ, స్వరకర్తకు ఇంతకు మించిన బడి లేదు. ఏ గొంతు ఏ స్థాయిలో నిండుగా పలుకుతుందో, మంద్రంలో బాస్ గొంతులు ఎక్కడ పలచబడతాయో, దీర్ఘ స్వరం తెగకుండా ఉండడానికి పక్కపక్కన నిలబడినవారు వంతులు వేసుకుని ఎలా ఊపిరి తీసుకుంటారో అక్కడ వారం వారం చెవికి తెలుస్తూ ఉంటుంది.

అమెరికన్ స్వరకర్త కరొలైన్ షా విజయాన్ని నేను ఈ కోణం నుంచే చూస్తాను. బ్రాడ్ వెల్స్ 2009లో స్థాపించిన రూమ్‌ఫుల్ ఆఫ్ టీత్ అనే ఎనిమిది గొంతుల బృందంలో ఆమె ఆల్టో గాయని. అప్పటికి వయొలినిస్టుగానే ఎక్కువమందికి తెలుసు. ఆ బృందం వేసవుల్లో మసాచుసెట్స్‌లోని నార్త్ ఆడమ్స్‌లో, పాత కర్మాగార భవనాల్లో వెలసిన మాస్ మోకా మ్యూజియంలో సాధన చేసేది. సైబీరియాలోని తువా ప్రాంతపు కంఠగానం వంటి పద్ధతులను ఆయా గురువుల దగ్గరే నేర్చుకునేది. షా తన 'పార్టిటా' అనే బృందగాన రచనను ఆ సహచరుల కోసమే, 2009 నుంచి 2011 వరకు భాగం తరువాత భాగంగా రాశారు. గుసగుసలు, నిట్టూర్పులు, మామూలు మాటలు కూడా అందులో సంగీతమయ్యాయి. 2013లో దానికి పులిట్జర్ బహుమతి వచ్చేనాటికి ఆమె వయసు 30. సంగీత విభాగంలో అంత చిన్న వయసులో ఆ బహుమతి అందుకున్నవారు అంతకు ముందు లేరు. నాలుగు భాగాలనూ కలిపి వేదికపై పాడింది ఆ తరువాతే, ఆ ఏడాది నవంబరులో! అందులో ఇన్యూట్ (ఉత్తర ధ్రువ ప్రాంతపు ఆదివాసులు) కంఠగాన ఛాయలను వాడుకోవడాన్ని 2019లో ఇన్యూట్ గాయని తాన్యా టగాక్ బహిరంగంగా విమర్శించారు. ఆ విమర్శ న్యాయమైనదనే నా అభిప్రాయం: ఒక జాతి గానరీతి వేదికకు ఎక్కినప్పుడు దాని మనుషులకు కూడా అక్కడ చోటుండాలి.

నేను పియానో వాయించే బృందం కోసం తెలుగు సాహిత్యానికి బృందగానం కట్టే అవకాశం నాకు దొరికినప్పుడు ఈ ఆలోచనే దారి చూపింది. తెలుగు మాటలు చాలావరకు అచ్చులతో ముగుస్తాయి కనుక నాలుగు విభాగాల గొంతులూ ఒకే అచ్చు మీద నిలిచి సులభంగా కలిసిపోతాయి. ణ, ళ మాత్రం ఆ గాయకులకు కొత్త. ఉచ్చారణ గుర్తులు రాసి ఇచ్చి ఊరుకోకుండా, ప్రతి రిహార్సల్‌లోనూ ఎదురుగా నిలబడి పలికి చూపించాను. వారి గొంతులు అంతకు ముందే తెలుసు కనుక, పతాకస్థాయిని సొప్రానోలకు కాక, ఆ బృందంలో అందరికంటే గట్టివారైన ఆల్టోలకు ఇచ్చాను. కచేరీ తరువాత మరికొన్ని బృందాలు స్కోరు (స్వరలిపి ప్రతి) అడిగి తీసుకుని పాడాయి.

కళాకారులకు ఇచ్చే ఓ-1 వీసాకు మనకు మనమే దరఖాస్తు పెట్టుకోలేము. యజమాని గానీ ఏజెంటు గానీ పెట్టాలి. నా తరఫున ఆ బృందమే పెట్టింది. కచేరీ కరపత్రాలు, పత్రికా సమీక్షలు, నిర్దేశకుల లేఖలు అందులో సాక్ష్యాలయ్యాయి. తొలి మంజూరు గరిష్ఠంగా 3 ఏళ్లు. ఆ లోపు ఇవ్వవలసిన కొత్త రచనలలో మొదటిదాన్ని ఈసారి బాస్ గొంతుల కోసం మొదలుపెట్టాను.