మూడడుగుల ఫోటో

శనివారం. కూరలు తెమ్మని మా ఆవిడ పంపితే, దారిలో గరాజ్ సేల్ బోర్డు చూసి ఆగిపోయాను. చుట్టచుట్టిన నలుపు తెలుపు ఫోటో ఒకటి దొరికింది. విప్పితే మూడడుగులుంది. వెనక గుడారాలు, ముందు వరసల్లో కుర్రాళ్ళు. అడుగున తెల్లటి అక్షరాలతో 'సి.ఎం.టి.సి., ఫోర్ట్ స్నెల్లింగ్, 1927'. అయిదు డాలర్లిచ్చి తెచ్చుకున్నాను. కొత్తిమీర మర్చిపోయాను.

ఫోర్ట్ స్నెల్లింగ్ అంటే ఇక్కడ మిన్నెసోటాలో ఉన్న పాత సైనిక కోట. ఎయిర్‌పోర్టుకి పోయినప్పుడల్లా దాని పక్కనుంచే వెళ్తాం. అక్కడ ఇలాంటి క్యాంపులు జరిగేవని ఇవాళే తెలిసింది. సి.ఎం.టి.సి. అంటే సిటిజన్స్ మిలిటరీ ట్రెయినింగ్ క్యాంప్స్, మామూలు కుర్రాళ్ళకి సైనిక శిక్షణ ఇచ్చే శిబిరాలట. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక, 1920 నాటి చట్టం కింద మొదలుపెట్టారు. 1921 నుంచి 1940 దాకా ఏటా వేసవిలో నెల రోజులు. దారి ఖర్చులు, బట్టలు, తిండి అన్నీ ప్రభుత్వానివే. ఆనక సైన్యంలో చేరి తీరాలన్న షరతు కూడా లేదు! మొదటి ఏడాది కోర్సు పేరు బేసిక్, ఆ తర్వాతి మూడేళ్ళవీ వరసగా రెడ్, వైట్, బ్లూ. నాలుగు వేసవులూ గట్టెక్కితే రిజర్వు సైన్యంలో సెకండ్ లెఫ్టినెంట్ కావచ్చు. మొత్తమ్మీద నాలుగు లక్షల మంది దాకా వెళ్తే, అలా ఆఫీసర్లయినవాళ్ళు సుమారు 5,000 మంది.

ఈ లెక్కకి నాకేమీ ఆశ్చర్యం వెయ్యలేదు. నేను ఎన్‌సీసీలో చేరింది పరేడ్ అయ్యాక పెట్టే పూరీల కోసం. పది రోజుల క్యాంపులో 'దాహినే ముడ్' (కుడికి తిరుగు) అన్న ప్రతిసారీ ఎడమకి తిరిగి, పక్కవాడి ముక్కుకి ముక్కు ఆనించేవాణ్ణి. హవల్దారు గారు హిందీలో తిట్టేవారు కాబట్టి సగం అర్థమయ్యేది కాదు, అదొక్కటే అదృష్టం. ఈ ఫోటోలోనూ నాలాంటి పూరీగాళ్ళు కొందరైనా ఉండే ఉంటారు.

ఒకటి మాత్రం లెక్కేసి చూశాను. 1927లో పదిహేడేళ్ళవాడికి, 1941లో పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడితో అమెరికా రెండో ప్రపంచయుద్ధంలోకి దిగేనాటికి ముప్పై ఒకటి. నాకు ఆ వయసులో వీసా స్టాంపింగ్ టెన్షన్ తప్ప ఇంకేమీ లేదు.

ఇంత పొడుగు ఫోటోలు తీసే కెమెరా మెల్లగా తిరుగుతూ తీసేదట. ఎవడైనా తుంటరి వెనకనుంచి పరుగెత్తి, కెమెరా కంటే ముందే రెండో చివరకి చేరితే ఒకే ఫోటోలో రెండుసార్లు పడేవాడు. ఈ సంగతి చెప్పినప్పట్నుంచీ మా అమ్మాయి భూతద్దం పట్టుకుని కూర్చుంది. మూడో వరసలో చెవులు పెద్దగా ఉన్నవాడి మీద దానికి అనుమానం.