దొర కాలవ

ఏదైనా పని ఎంతకీ తెమలకపోతే మా నాయనమ్మ "ఏందిరా, దొర కాలవ తవ్వుతున్నావా?" అనేది. ఆ మాట ఎక్కడ పుట్టిందో నాకు నలభై దాటాక గానీ తెలియలేదు. ఆ దొర ఒంగోలులో ఉన్న అమెరికన్ మిషనరీ జాన్ క్లౌ. మొన్న జనవరిలో ఒంగోలు వెళ్ళింది అందుకే. ఇంట్లో మాత్రం పెళ్ళికని చెప్పాను.

పొద్దున్నే రైలు దిగి, స్టేషన్ బయట టీ తాగి, ముందు ప్రార్థన కొండ ఎక్కాను. కొండంటే పెద్ద కొండేం కాదు, అయినా నాకు ఆయాసం వచ్చింది. 1854 జనవరి 1న, ఇంకా తెల్లారుతుండగా, నెల్లూరు మిషనరీ జ్యూయెట్ దొర, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఇక్కడికొచ్చి ఒంగోలుకి ఒక మనిషిని పంపమని దేవుణ్ణి అడిగారు. అప్పటికి అమెరికన్ బాప్టిస్టులకి తెలుగునాట ఉన్నది నెల్లూరు ఒక్కటే. దాన్ని కూడా మూసేద్దామా అని అంతకు ముందు ఏడాదే అమెరికాలో సభలో తర్జనభర్జన పడ్డారు. మ్యాపులో ఒంటరిగా ఉన్న ఆ చుక్కని చూసి ఎవరో 'లోన్ స్టార్', అంటే ఒంటరి చుక్క, అన్నారట. ఆ పేరు మీదే మిషన్ బతికి బట్టకట్టింది.

అడిగిన మనిషి రావడానికి పన్నెండేళ్ళు పట్టింది. జాన్ క్లౌ 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. మిషనరీ కాకముందు ఆయన అమెరికాలో సర్వేయరు. మరుసటి జనవరి 1న ఎనిమిది మందితో సంఘం కట్టాడు.

కొండ దిగి జ్యూయెట్ పేరున్న గుడికి వెళ్ళాను. ఆరాధన లేని రోజు. లోపల ఊడుస్తున్న పెద్దావిడ నన్ను చూసి చీపురు ఆపి, "ఎవురి తాలూకు బాబూ?" అంది. తాత పేరు చెప్పాను. ఆవిడకి తెలియలేదు గానీ కుర్చీ లాగి కూచోబెట్టింది.

క్లౌ గురించి మా ఇంట్లో చెప్పుకునే కథ ఒకటుంది, పుస్తకాల్లోనూ ఉంది. మాదిగల్ని చేర్చుకోవడం ఆపితే మేం వస్తామని పెద్ద కులాల వాళ్ళు కబురు తెచ్చారట. క్లౌ ఒక గదిలో, భార్య హ్యారియట్ ఇంకో గదిలో విడివిడిగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందట: లోకంలో ఎన్నికలేని వారిని దేవుడు ఏర్పరచుకున్నాడనే కొరింథీ పత్రిక మాట. ఇలాంటివి నేను తేలిగ్గా నమ్మను. కానీ ఆయన ఆ రోజు మాదిగల వైపు మొగ్గకపోతే నేనివాళ ఇలా రాస్తూ ఉండేవాణ్ణి కాదు.

మధ్యాహ్నం వెల్లంపల్లికి ఆటో మాట్లాడుకున్నాను. గుండ్లకమ్మ ఏరు అనగానే ఆటో అబ్బాయి నేరుగా మల్లవరం ప్రాజెక్టు దగ్గర దించాడు. చూడ్డానికి వచ్చే వాళ్ళంతా అక్కడికే వస్తారట. మళ్ళీ వెనక్కి. ఇంకో రెండొందలు.

ఏటి ఒడ్డున ఇసుక, జిల్లేడు చెట్లు, ఆరేసిన దుప్పట్లు. 1878 జులై 3న ఈ రేవులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ముందురోజు 614, తర్వాతి రోజు 700. బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు బోధకులు. ఇద్దరు నీళ్ళలో ఉంటే మిగతా వాళ్ళు ఒడ్డున, అలిసినప్పుడల్లా మార్పిడి. ఒడ్డున ఒకరు జాబితా చూసి పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరే దిగారు. ఆ జాబితా చూడాలని నాకు మహా కోరిక. ఊరిలో చాలా మందిని కులం పేరుతోనే పిలిచే రోజుల్లో, వాళ్ళ పేర్లు పిలవడం ఎలా వినిపించిందో!

"అన్నం కోసం మతంలో కలిశారు" అనే మాట నేను హాస్టల్లో ఉన్నప్పుడే విన్నాను. అప్పుడు జవాబు తెలియలేదు. జవాబు కాలవ దగ్గరుంది.

కొత్తపట్నం రోడ్డు మీద బకింగ్‌హాం కాలవ వంతెన దగ్గర దిగేసరికి పొద్దు వాలింది. 1876లో మొదలైన ధాత నామ సంవత్సరపు కరువులో సర్కారు ఈ కాలవ పనులు పెట్టింది. అక్కడ ఓవర్సీర్లు మాదిగ కూలీలని అంటరాని వాళ్ళని చీదరించి సతాయిస్తుంటే, క్లౌ తానే మూడు మైళ్ళ పైచిలుకు ముక్క కాంట్రాక్టు పట్టాడు. పాత సర్వే పని అప్పుడు పనికొచ్చింది. తన బోధకుల్నే ముఠాలకు పెద్దల్ని చేశాడు. తవ్విన మట్టికి కూలి, మధ్యాహ్నం ఆగినప్పుడు నాలుగు ఓదార్పు మాటలు. జనం మతంలో కలుపుకోమని వస్తే పదిహేను నెలల పాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి డబ్బులు ఆగిపోయాకే రేవు తెరిచాడు. ఇప్పుడు చెప్పండి, అన్నం కోసమా?

ఒంగోలులో ఆయన పేర ఆసుపత్రి కట్టారు, మిషన్ బడులున్నాయి. మా తాత చదివింది వాటిలో ఒక దాంట్లోనే. నన్ను ఎక్కువ పట్టింది మాత్రం ఈ బురద కాలవే. ఆయన తవ్వించిన ముక్క ఏదో చెప్పే బోర్డేమీ కనిపించలేదు. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న ఒకాయన్ని అడిగితే, "యాడ తవ్వినా ఒకటే కాలవ గదా అబ్బాయ్" అన్నాడు.

గట్టు మట్టి నల్లగా ఉంది. వేలితో గీకితే రాలేదు. చెప్పు మడమతో తన్నితే ఇంత పెళ్ళ ఊడింది. అదే మట్టిని మా నాయనమ్మ వాళ్ళ నాయనమ్మ ఎండాకాలంలో గంపలకెత్తి మోసింది.

అమ్మకి ఫోన్ చేశాను. పెళ్ళి సంగతి అడగలేదు.

"నీళ్ళున్నాయా దాంట్లో?" అంది.

"కొంచెం ఉన్నాయమ్మా. ఉప్పగా ఉన్నాయి."

"తాగి చూశావా ఏంది!" అని తిట్టింది.