జీడితోట, లూకా 12వ అధ్యాయం
భోగాపురంలో విమానాశ్రయం వస్తుందన్న మాట పుట్టిన నాటినుండి మా వైపు భూముల ధరలు పెరుగుతూనే ఉన్నాయి. తాతగారు పెంచిన ఎకరంన్నర జీడితోటను అంతవరకు పట్టించుకోని మా అన్నదమ్ములం, క్రిస్మస్ భోజనం దగ్గరే వాటాల లెక్కలు వేశాం. అందులో నేనే ముందున్నానని ఒప్పుకోవాలి.

బైబిలులోని లూకా సువార్త 12వ అధ్యాయంలోని ధనవంతుని ఉపమానాన్ని చిన్ననాటినుండి వింటున్నాను గాని, యేసు దానిని ఏ సందర్భంలో చెప్పాడో గమనించింది ఈమధ్యనే. పిత్రార్జితంలో తనకు పాలు పంచిపెట్టమని సహోదరునితో చెప్పాలంటూ ఒకడు ఆయనను అడిగాడు. ఆయన పంపకం చేయలేదు, న్యాయం ఎవరిదో కూడా తేల్చలేదు. లోభం విషయమై జాగ్రత్తపడమని హెచ్చరించి, పాత ధాన్యపు కొట్లు విప్పి పెద్దవి కట్టాలనుకున్న వాని కథ చెప్పాడు. ఆ మనిషి ఎవరినీ మోసగించినట్టు కథలో లేదు, అతని భూమి బాగా పండింది, అంతే. అయితే నా పంట, నా కొట్లు, నా ఆస్తి అంటూ తన ప్రాణంతోనే మాట్లాడుకున్న అతని ఆలోచనలో మరొక మనిషికి చోటే లేదు.

తొలినాటి క్రైస్తవ బోధకుడైన పౌలు తన సహచరుడు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 6వ అధ్యాయంలో కీడులకు మూలంగా చెప్పింది ధనాపేక్షను. అక్కడి గ్రీకు పదానికి వెండిపై ప్రేమ అని అర్థం. (చేతిలో వెండి లేకున్నా ఆ ప్రేమ కలుగుతుంది, మేము తోట ఇంకా అమ్మనేలేదు.)

మొన్న విజయనగరంలో ఉన్న అన్నయ్యకు ఫోన్ చేసి, ఆయన మోకాలినొప్పి గురించి మాత్రమే అడగాలనుకున్నాను. చివరకు ధర మాట ఎత్తింది నేనే.