పర్లాకిమిడిలో లక్ష్మివారం

మా శ్రీకాకుళం వైపు గురువారాన్ని లక్ష్మివారం అంటారు. హైదరాబాద్‌లో మా ఆఫీసులో ఒకసారి "లక్ష్మివారం సెలవు కావాలి" అంటే, అదేం పండగ అని అడిగారు. మొన్న మార్గశిరంలో సెలవు పెట్టింది మాత్రం నిజంగా పండక్కే. పర్లాకిమిడిలో మా పిన్ని ఇంటికి.

విశాఖ నుంచి గుణుపూర్ పాసింజర్ ఎక్కాను. నౌపడా దగ్గర పెద్ద లైను వదిలి టెక్కలి మీదుగా లోపలికి తిరుగుతుంది. రాజావారి హయాంలో 1900లో పడిన బుల్లి రైలు దారి ఇదే. వందేళ్లకు పైగా ఇరుకు పట్టాల మీదే నడిచింది. పాతపట్నం దాటితే తర్వాతి స్టేషనే పర్లాకిమిడి. ఈ మధ్యలోనే ఎక్కడో రాష్ట్రం మారిపోతుంది. కిటికీలోంచి చూస్తే అటూ ఇటూ అవే వరికుప్పలు.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు పర్లాకిమిడి రాజావారి జమీందారీ రెండు ముక్కలైంది. ఊరు అటు పోయింది, పాతపట్నం ఇటు మిగిలింది. అక్కడి రాజావారి బడిలో పాఠాలు చెప్పి, సవర భాష నేర్చుకుని, వాడుక తెలుగు కోసం జీవితమంతా పోట్లాడిన గిడుగు రామమూర్తి పంతులు ఆ మార్పు ఒప్పుకోలేక ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. పిన్ని మామగారి నాన్న ఉండిపోయాడు. "ఇల్లొదిలి ఎక్కడికెళ్తాం?" అన్నాడట. ఆయన మునిమనవడి కొడుక్కి ఇప్పుడు ఏడేళ్లు. ఒరియా బడి. తెలుగు గడగడా మాట్లాడతాడు గానీ ఒక్క అక్షరం చదవలేడు. గిడుగువారి ఊళ్లో వాడుక భాష నిండుగానే ఉంది, లిపే లేదు.

వాడు పిన్నిని 'జేజేమా' అని పిలుస్తాడు. ఒరియాలో నానమ్మ. మాకు జేజే అంటే దేవుడు కదా, మొదటిసారి విన్నప్పుడు పిన్నికి దండం పెడుతున్నాడనుకున్నాను.

"ఏటే, ఇలా చిక్కిపోనావు?" అంటూనే పిన్ని వంటింట్లోకి లాక్కెళ్లింది. మర్నాడు లక్ష్మివారం. నా లెక్కకి మార్గశిరంలో రెండోది. మా ఇళ్లల్లో మొదటి వారం పులగం, రెండో వారం అట్లు, తిమ్మనం నైవేద్యం. "ఇక్కడ ఇది నాలుగోదే తల్లీ" అంది పిన్ని. ఒరియా వాళ్లకి కార్తీక పున్నమి మర్నాడే మార్గశిరం వచ్చేస్తుంది. మనకి అమావాస్య దాటాలి. మరి నైవేద్యం ఏ లెక్కన? "పూజ ఈళ్ల లెక్క, వంట మన లెక్క" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు.

తెల్లవారుజామున లేచేసరికి వాకిట్లో పిన్ని పిండి ముగ్గు వేస్తోంది. లోపల కోడలు బియ్యప్పిండి జారుగా కలుపుకుని, అందులో వేళ్లు ముంచి ఝోటి, అంటే ఒరియా వాళ్ల ముగ్గు, వేస్తోంది. ఆ అమ్మాయిది గుణుపూర్ అవతల ఒరియా కుటుంబం. గుమ్మం నుంచి పూజ పీట దాకా చిన్న చిన్న లక్ష్మి పాదాలు. పీట మీద కొత్త వడ్ల కుప్ప, దాని మీద వడ్లు నింపిన చిన్న పేము పాత్ర. అత్త దాన్ని కుంచం అంటుంది, కోడలు మాణ అంటుంది. ఆ పూజకి పేరే మాణబస. పొయ్యి మీద అత్త అట్లు పోస్తుంటే కోడలు చూసి "చకుళి" అంది. పక్క గిన్నెలో కొబ్బరి పెట్టిన మండా పిఠా ఉడుకుతోంది. నా కళ్లకి అచ్చం కుడుములే.

పూజలో కోడలు బలరామదాసు లక్ష్మీపురాణం చదివింది. పిన్ని నా చెవిలో కథ చెబుతూ వచ్చింది. లక్ష్మి శ్రియ అనే చండాల స్త్రీ ఇంటికి వెళ్తుంది. అన్న బలరాముడి మాట విని జగన్నాథుడు ఆమెను గుడిలోంచి పంపేస్తాడు. అన్నదమ్ములిద్దరికీ ఎక్కడా మెతుకు పుట్టదు, చివరికి ఆమె ఇంటి గుమ్మంలోనే నిలబడి అన్నం అడగాల్సి వస్తుంది. కోడలు ఆ చోట కొంచెం గొంతు పెంచి చదివినట్టనిపించింది. నా ఊహే కావచ్చు.

తర్వాత ప్రసాదం. పిన్ని మొదట కోడలికి పెట్టింది, తర్వాత మనవడికి, కొడుక్కి. నా చెయ్యి చాపి ఉంది. పిన్ని ఇబ్బందిగా నవ్వింది.

"ఈ ప్రసాదం ఇంటోళ్లకే అమ్మా. పెళ్లయిన ఆడపిల్లలకి పెట్టకూడదు. మా అత్తగారు నా కూతురిక్కూడా పెట్టనిచ్చేది కాదు."

అదే పురాణం చదివిన పీట ముందే ఈ మాట! నవ్వొచ్చింది, కొంచెం గుచ్చుకుంది కూడా. ఈ ఇంట్లో పిన్నిది, నాది ఒకే రక్తం, ఒకే యాస. అయినా ప్రసాదం తింటున్నది తెలుగు ఇంకా తడుముకుంటూ మాట్లాడే అమ్మాయి. తప్పు పట్టడానికి నోరు రాలేదు. అయిదు లక్ష్మివారాలు తెల్లవారకుండా లేచేది ఆమె. ఆ పీట రేపు ఎత్తుకోవాల్సింది కూడా ఆమే.

పిన్ని పెనం మళ్లీ పొయ్యి మీద పెట్టింది. పిండి కొంచెం ముందే వేరే గిన్నెలోకి తీసి ఉంచిందట, నా కోసం. "ఇది దేవుడికి చూపించలేదు, తినీయి."

పిల్లాడు తన అట్టు ముక్క తుంచి నా కంచంలో వెయ్యబోతే వాళ్లమ్మ చెయ్యి పట్టుకుంది.

"నీకు దేవుడిది లేదా?" అన్నాడు.

"మా ఇంట్లో ఉందిరా, హైదరాబాద్‌లో" అన్నాను.

మా ఇంట్లో కుంచం లేదు, పీటా లేదు. పిన్నికి ఆ సంగతి తెలుసు. ఏమీ అనకుండా రెండో అట్టు తిరగేసింది.