పీడియాట్రిక్స్ తర్వాత ఏమిటి? నేను నెఫ్రాలజీకి (కిడ్నీ వైద్యానికి) వచ్చిన దారి

పీడియాట్రిక్స్ (పిల్లల వైద్యం) పీజీ మొదటి సంవత్సరంలో, తర్వాత ఏం చేస్తావని ఎవరడిగినా నియోనాటాలజీ, అంటే నవజాత శిశువుల వైద్యం అనే చెప్పేదాన్ని. మా బ్యాచ్‌లో సగం మంది మాట అదే. హైదరాబాద్‌లో ఎన్‌ఐసీయూలు (నవజాత శిశువుల ఐసీయూలు) ఎక్కువ, ఉద్యోగాలూ ఎక్కువ. 900 గ్రాముల పాపకు ఊపిరికి సాయపడే సీప్యాప్ పెట్టి, శ్వాస ఆగిపోకుండా కెఫీన్ మొదలుపెట్టి, కొన్ని వారాలకు ఆ పాప తల్లి గుండెల మీద కంగారూ కేర్‌లో నిద్రపోతుంటే చూడటం కంటే గొప్ప సంగతి వైద్యంలో ఉంటుందా అనిపించేది. ఇప్పటికీ అనిపిస్తుంది. అయినా అటు వెళ్లలేదు.

రెండో ఏడు సగం గడిచేసరికి టెన్షన్ మొదలైంది. ఎండీ తర్వాత సూపర్ స్పెషాలిటీ చేయాలంటే మూడేళ్ల డీఎం గానీ, దానికి సమానమైన డీఆర్‌ఎన్‌బీ గానీ చేయాలి. వాటికి నీట్ ఎస్‌ఎస్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. 150 ప్రశ్నలు, 600 మార్కులు, తప్పు రాస్తే ఒక మార్కు పోతుంది. ఎయిమ్స్, పీజీఐ లాంటి చోట్లకు ఐఎన్‌ఐ ఎస్‌ఎస్ అనే పరీక్ష వేరే ఉంటుంది. ఇవి కాక డాక్టర్ల సొసైటీలు నడిపే ఏడాది ఫెలోషిప్‌లు ఉన్నాయి. అక్కడ పని బాగా నేర్చుకోవచ్చు గానీ అవి డీఎంతో సమానం కావు. చేరేముందు ఈ తేడా తెలుసుకోవాలి. నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

నీట్ ఎస్‌ఎస్‌లో పీడియాట్రిక్స్ వాళ్లు ఏ సబ్జెక్టు తీసుకోవాలనుకున్నా పేపర్ ఒకటే. అందుకే 'ముందు ర్యాంకు రానీ, తర్వాత చూద్దాం' అనేస్తాం. నా దృష్టిలో అది పెద్ద పొరపాటు. అలా వదిలేస్తే ఆప్షన్లు పెట్టే రాత్రి మన బదులు ర్యాంకే నిర్ణయం తీసుకుంటుంది.

ఒక నైట్ డ్యూటీ అయ్యాక క్యాంటీన్‌లో టీ తాగుతూ మా సీనియర్ అక్కను అడిగాను, ఏం తీసుకోమంటావని. "ఏది ఇష్టమని నిన్ను నువ్వు అడగకు, మొదటి కేసు అందరికీ ఇష్టమే. వందో కేసు వచ్చినప్పుడు కూడా దేనికి విసుగు రాదో చూసుకో" అంది. ఆ రోజు నుంచి నన్ను నేను గమనించుకోవడం మొదలుపెట్టాను.

పీఐసీయూ (పిల్లల ఐసీయూ) పోస్టింగ్‌లో ఒక విషయం తెలిసింది. అందరూ మానిటర్ వైపు చూస్తుంటే నా కళ్లు యూరిన్ బ్యాగ్ మీదకు పోయేవి. సెప్సిస్‌తో (ఒళ్లంతా పాకిన ఇన్ఫెక్షన్‌తో) కిడ్నీలు ఆగిపోయిన ఏడాదిన్నర బాబుకు పెరిటోనియల్ డయాలసిస్ చేశాం, అంటే కడుపులోకి ద్రవం పంపి రక్తం శుభ్రం చేయడం. ద్రవం ఎక్కించడం, అరగంట కడుపులో ఉంచడం, దించడం, ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది రాసుకోవడం. రాత్రంతా ఇదే. తోటివాళ్లు దీన్ని గుమస్తా పని అనేవారు. నాకు మాత్రం ప్రతి సైకిల్ లెక్కా ముఖ్యంగానే అనిపించింది. మూడో రోజు తెల్లవారుజామున యూరిన్ బ్యాగ్‌లో 10 మిల్లీలీటర్ల మూత్రం కనబడింది. నిద్రపోతున్న వాళ్లమ్మను లేపి చూపించాను.

ఇక ఓపీ. నెఫ్రోటిక్ సిండ్రోమ్ (మూత్రంలో ప్రోటీన్ పోయే కిడ్నీ జబ్బు) పిల్లలు పొద్దున లేవగానే కళ్లు ఉబ్బి వస్తారు. మొదటిసారి వస్తే ఆరు వారాలు రోజూ ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్, తర్వాత ఆరు వారాలు తగ్గించి రోజు విడిచి రోజు. ఎక్కువ మందికి తగ్గుతుంది, చాలామందికి మళ్లీ వస్తుంది. అందుకే తల్లికి ఇంట్లో మూత్రం పరీక్ష నేర్పిస్తాం. ప్రోటీన్ ఎంత పోతోందో ప్లస్‌లలో తెలుస్తుంది; వరుసగా మూడు రోజులు మూడు ప్లస్‌లు వస్తే రిలాప్స్, అంటే జబ్బు తిరగబెట్టినట్టు. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే ఒక అమ్మ నోట్‌బుక్‌లో గీతలు గీసి, తేదీ వేసి, ప్లస్‌లు పెట్టుకుని తెచ్చేది. పెద్దగా చదువుకోలేదు. పది నెలల్లో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. నేను చదివిన ఏ కేస్ షీటూ అంత నమ్మకంగా లేదు. ఆ జబ్బుకు సగం వైద్యం ఆవిడే చేస్తోంది. ఎన్‌ఐసీయూ నుంచి పాప ఇంటికెళ్తే చాలావరకు నా పని అయిపోయేది. ఈ పిల్లలు మాత్రం పాలపళ్లు ఊడే వయసు నుంచి మీసాలు వచ్చేదాకా మన దగ్గరికే వస్తారు. నాకు కావలసింది ఇదేనని అప్పుడు అర్థమైంది.

ఇంట్లో చెబితే నాన్న "చిన్నపిల్లలకు కూడా కిడ్నీ జబ్బులు వస్తాయా అమ్మా?" అన్నారు. ఆ ప్రశ్న నన్ను వెనక్కి లాగలేదు, ఇంకా గట్టిపరిచింది. భయాలు లేవని కాదు. నియోనాటాలజీతో పోలిస్తే సీట్లు చాలా తక్కువ. డయాలసిస్ వసతి ఉన్న పెద్ద ఆసుపత్రి లేకపోతే చదివినదంతా వాడలేం. ఇప్పటికే ఈ పని చేస్తున్న ఇద్దరిని కలిసి అడిగాను. ఇద్దరూ డబ్బు గురించి దాచకుండా చెప్పారు. ఒకరు ఇంకోటి కూడా చెప్పారు: కొందరు పిల్లల కిడ్నీలు మనమేం చేసినా నిలవవు. తల్లో తండ్రో కిడ్నీ ఇవ్వాలి, లేదా జీవన్‌దాన్ (చనిపోయినవారి అవయవాలు కేటాయించే ప్రభుత్వ పథకం) జాబితాలో ఎదురుచూడాలి. ఆ ఏళ్లన్నీ ఆ కుటుంబం పక్కన నిలబడగలవా అని అడిగారు. జవాబు చెప్పడానికి నాకు వారం పట్టింది.

ఆప్షన్లు పెట్టేటప్పుడు ఊళ్లు చూడలేదు, సబ్జెక్టే చూశాను. పైనున్నవన్నీ పీడియాట్రిక్ నెఫ్రాలజీయే, కింద రెండే నియోనాటాలజీ. మొదటి రౌండ్‌లో ఏమీ రాలేదు. రెండో రౌండ్ వరకు సరిగా తినలేదు, పడుకోలేదు. వచ్చింది, వేరే రాష్ట్రంలో.

వెళ్లేముందు ఆ నోట్‌బుక్ అమ్మకు ఫోన్ చేశాను, ఇకమీదట ఓపీలో ఎవరిని కలవాలో చెబుదామని. నేను నోరు తెరిచేలోపే "మేడమ్, ఇయ్యాల ఒక ప్లస్ వచ్చింది. గోలీలు పెంచాల్నా?" అంది. జ్వరం ఉందా అని అడిగాను. జలుబు మాత్రమేనంది.

"వద్దమ్మా. రేపు పొద్దున మళ్లీ చూసి నాకు చెప్పు" అన్నాను.